మైకు గొట్టాలు మింగేసిన మంద్రం

శ్రీరామనవమికి వరంగల్‌లో ఏ వాడకు పోయినా మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వినకుండా తిరిగి రాలేం. మట్టెవాడ గానీ, కుమార్‌పల్లి గానీ, కాజీపేట రైల్వే క్వార్టర్లు గానీ, పందిరి గుంజకు కట్టిన మైకు గొట్టంలోంచి రామదాసు కీర్తనలు వస్తూనే ఉంటాయి. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపూ ఇదే వరస. అయినా నా వాదన ఇది: ఇంత విన్న మనం ఆయన గొంతులో పై సగమే విన్నాం. కింది సగాన్ని మన మైకులు, మన రేడియోలు, మన టేప్‌రికార్డర్లు దారిలోనే మింగేశాయి. మిగిలిన ఆ పై సగాన్ని కూడా చాలాసార్లు తప్పు శ్రుతిలో, తలా తోకా కత్తిరించిన ముక్కలుగా విన్నాం. ఈ లోపాలు సరిచేసుకుని అవే రికార్డింగులు మళ్ళీ వింటే, "తీయగా పాడతారు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన గాయకుడు కాదు మనకు దొరికేది.

ఇందులో అభిమానం కంటే లెక్కే ఎక్కువ. మగగొంతు "ఒకటి శ్రుతి"లో, అంటే హార్మోనియం సి మెట్టు ఆధారంగా, పాడుతోందనుకుందాం. మధ్యస్థాయి షడ్జం (స) సుమారు 131 హెర్ట్జ్. దిగితే కింది స్థాయిలో, అంటే మంద్రంలో, పంచమం (ప) 98, షడ్జం 65. ఎక్కితే పై స్థాయిలో, అంటే తారలో, షడ్జం 262, పంచమం 392. పందిట్లో కట్టే గొట్టం మైకు 300 హెర్ట్జ్‌కు కిందున్నదాన్ని దాదాపుగా వదిలేస్తుంది. దాన్ని తయారు చేసిందే మాట దూరానికి వినపడటానికి, సంగీతానికి కాదు. అంటే తార గాంధారం (గ) దాకా పోతే గాని ఆ గొట్టంలోంచి స్వరం తన పునాదితో సహా బయటికి రాదు. మధ్యస్థాయిలో, మంద్రంలో పాడినదానికి హార్మోనిక్స్ (పునాది స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో మోగే పై ధ్వనులు) మాత్రమే వస్తాయి. చెవి తెలివైంది. ఆ హార్మోనిక్స్ మధ్య దూరాన్ని పట్టుకుని పునాది స్వరం ఏదో తానే పోల్చుకుంటుంది, అందుకే మనకు స్వరం తప్పిందనిపించదు. పోయేది గొంతు బరువు. మంద్రంలో ఆయన గట్టిగా పాడే రకం కూడా కాదు. స్వరం దిగుతున్నకొద్దీ గొంతు తగ్గించి, మైకును నమ్ముకుని పాడతారు. పందిరి గోలలో మొదట మునిగేది ఆ భాగమే.

రామదాసు కీర్తనల్లో అందరికీ నోటికొచ్చిన "ఏ తీరుగ నను" నాదనామక్రియలో ఉంది. అది నిషాదాంత్య రాగం. పైన మధ్యస్థాయి నిషాదం (ని) దగ్గర ఆగుతుంది, కింద మంద్ర నిషాదాన్ని తాకుతుంది, తార షడ్జానికి పోదు. ఒకటి శ్రుతి లెక్కన ఆ రాగం సంచారమంతా 123 నుంచి 247 హెర్ట్జ్ మధ్యలోనే. గొట్టం మైకు వినిపించలేని చోటే ఆ రాగం నివాసం. ఏటా చైత్రంలో తొమ్మిది రోజులు వాడవాడంతా విన్నది ఆ కీర్తన నీడనన్నమాట.

రేడియో సంగతి ఇంకో తీరు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. బాలమురళి అక్కడ పనిచేసిన రోజుల్లోనే భక్తిరంజని ఇంటింటి కార్యక్రమమైంది. వరంగల్ నుంచి విజయవాడ రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. పగటిపూట స్టేషన్ తగిలేది. చీకటి పడితే తంటా. మీడియం వేవ్ తరంగాలను పగలు పీల్చేసే అయానోస్ఫియర్ కింది పొర రాత్రికి చెదిరిపోతుంది, ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చి మీద పడతాయి, గొంతు తేలుతూ మునుగుతూ ఉంటుంది. 1952లో మొదలైన శనివారం రాత్రి అఖిల భారత సంగీత కార్యక్రమం లాంటివి ఆ వేళకే వచ్చేవి. పొద్దుగాల తత్వాలు, కీర్తనలు. రాత్రి ఆలాపనలు, పల్లవులు. ఉత్తర తెలంగాణకు భక్తిరంజని బాలమురళి దగ్గరై, కచేరీ బాలమురళి దూరంగా ఉండిపోవడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు, ఆకాశంలో ఆ పొర కూడా కొంత కారణం. పైగా మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుతారు కాబట్టి రిసీవర్ నికరంగా వినిపించేది నాలుగున్నర వేల హెర్ట్జ్ లోపే. తంబురా తీగల మెరుపు చాలావరకు అక్కడే పోతుంది. ఆ రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి, మూడంగుళాల స్పీకర్‌లో విన్న తరానికి కింద బరువూ లేదు, పైన మెరుపూ లేదు. మధ్యలో మిగిలిన తీపి ఒక్కటే గుర్తుంది.

నిడివి చేసిన నష్టం కూడా తక్కువది కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. ఎల్పీ ఒక వైపు ఇరవై, మహా అయితే పాతిక నిమిషాలు. కచేరీలో ప్రధాన కృతికి ఆలాపన, నెరవు (ఒకే పాదాన్ని మళ్ళీ మళ్ళీ పెంచి పాడటం), కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), తని ఆవర్తనం (మృదంగం ఒంటరి వాయింపు) కలిస్తే నలభై నిమిషాల నుంచి గంట పడుతుంది. మూడు నిమిషాల్లో పాడమంటే ఎంత విద్వాంసుడైనా పాటే ఇస్తాడు. 'నర్తనశాల' (1963) పాట దగ్గర మొదలై రామదాసు దగ్గర ఆగిన శ్రోతకు ఆయన పాటల మనిషిగా మిగిలిపోవడంలో వింతేముంది?

అసలు మనిషి పుట్టింది మాత్రం కఠినమైన వరసలో. 1930 జులై 6న తూర్పు గోదావరి శంకరగుప్తంలో పుట్టారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్యర్. వెంకటసుబ్బయ్యర్ త్యాగరాజుకు నేరు శిష్యుడు. త్యాగరాజు నుంచి లెక్కపెడితే బాలమురళిది ఐదో తరం. డెబ్బైరెండు మేళకర్త (జనక) రాగాల్లోనూ కృతులు కట్టారు. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది వయోలా. మృదంగం, కంజీరా, వయోలిన్ వాయించినవారు కచేరీ స్థాయిలో వయోలాను పట్టుకున్నారు. ఆ వాద్యం వయోలిన్ కంటే ఒక పంచమం కిందికి దిగుతుంది. కింది స్వరాల మీద ఇంత మోజున్న మనిషిని పై స్వరాల గాయకుడని మనం అనుకుంటూ వచ్చాం. ఆయన వయోలా రికార్డింగు ఏది దొరికినా, గాత్రం కంటే ముందు అది వినమంటాను. గొంతు ఎక్కడికి దిగాలని చూస్తుందో కమాను చెప్పేస్తుంది.

రికార్డింగు కచేరీకి సాటి కాదనే మాట మద్రాసు వైపు తరచూ వింటాం. నిజమే కావచ్చు. కానీ మద్రాసు డిసెంబరు కచేరీల సీజన్ వరంగల్‌కు ఆరు వందల కిలోమీటర్ల పైమాట. జీటీ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుంది కదా అని అందరూ ఎక్కిపోలేరు. ఇక్కడ విద్యారణ్య సంగీత కళాశాల ఉంది, గుడుల్లో ఉత్సవాల కచేరీలు ఉన్నాయి, ఆరాధనలు జరుగుతాయి; అయినా అగ్రశ్రేణి విద్వాంసుణ్ణి ఏడాదికి పదిసార్లు ఎదురుగా కూర్చుని వినే భాగ్యం ఈ పక్క ఎప్పుడూ లేదు. మనకు రికార్డింగే మొదటి వినికిడి. ఆయన 2016 నవంబరు 22న పోయారు. ఇక అందరికీ అంతే. కాబట్టి రికార్డింగును తక్కువ చేయడం కంటే దాన్ని సరిగ్గా వినడం నేర్చుకోవడం మేలు.

శ్రుతి తప్పింది మోటారు

ముందు చూడాల్సింది వేగం. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. రికార్డు చేసిన మిషన్ బెల్టు సాగి నెమ్మదిగా నడిచి ఉంటే, ఆ క్యాసెట్ మంచి డెక్‌లో వేసినప్పుడు వేగంగా పాడుతుంది. ఆరు శాతం తేడాకు స్వరం అర మెట్టు జరుగుతుంది, అంటే ఒకటి శ్రుతి ఒకటిన్నర అవుతుంది. నలభై నిమిషాల కృతి ముప్పై ఎనిమిది నిమిషాల లోపే ముగుస్తుంది. అంతకంటే పెద్ద నష్టం గొంతు స్వభావానిది: అచ్చులు పలచబడతాయి, గమకం ఊపు తొందరపడుతుంది, యాభై ఏళ్ళ మనిషి పాతికేళ్ళవాడిలా వినిపిస్తాడు. చేతులు మారుతూ తిరిగే పాత ఫైళ్ళలో "కుర్రతనం ఉట్టిపడే గొంతు" అని మెచ్చుకునేవాటిలో కొన్ని మోటారు చేసిన కుర్రతనాలే.

వేగం సరిగ్గా ఉందా లేదా ఎలా తెలుస్తుంది? కరెంటు గుర్ర్ మనే చప్పుడు పట్టిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. రికార్డు చేసిన రోజున ఆ హమ్ టేపు మీదికి ఎక్కి ఉంటే అది ఇప్పుడు ఎక్కడ కనిపిస్తుందో చూడాలి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాములో కృతికీ కృతికీ మధ్యనున్న నిశ్శబ్దాన్ని ఎంచుకుని, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ధ్వని ఉందో చూపే ప్లాట్ స్పెక్ట్రమ్ తెరవండి. సైజు 65536 పెడితే ఒక హెర్ట్జ్ కంటే సన్నని తేడా కూడా కనిపిస్తుంది. శిఖరం 53 దగ్గర ఉంటే టేపు ఆరు శాతం వేగం. చాలా సందర్భాల్లో 100 హెర్ట్జ్ దగ్గర శిఖరం ఇంకా స్పష్టంగా ఉంటుంది, అక్కడ అది 106 అవుతుంది.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. మొదటిది, మీరు డిజిటైజ్ చేసేటప్పుడు మీ ఇంటి కరెంటు కూడా ఒక హమ్ ఎక్కిస్తుంది. సరిగ్గా 50 దగ్గర ఒక శిఖరం, పక్కన 53 దగ్గర ఇంకొకటి కనిపిస్తే రెండోదాన్ని నమ్మాలి. రెండోది, ఆ రోజుల కరెంటే సరిగ్గా 50 లేదు. 1990ల్లో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ లోడు పెరిగినప్పుడు 48 దాకా కూడా పడేది. నాలుగు శాతం తేడా అంటే అర మెట్టులో మూడింట రెండు వంతులు. కాబట్టి హమ్ దారి చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు. తీర్పుకు ఇంకో సాక్ష్యం కావాలి: అదే కాలంలో అదే గాయకుడు పాడిన నాలుగైదు వేర్వేరు రికార్డింగుల్లో షడ్జం ఎక్కడుందో రాసుకుని, ఎక్కువ ఎక్కడ గుమిగూడితే అటు మొగ్గాలి. బ్యాటరీ మీద నడిచిన మిషన్‌లో హమ్ ఉండనే ఉండదు, అప్పుడు ఈ రెండో దారే గతి.

దిద్దేటప్పుడు వాడాల్సింది వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే "ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్". ఒక్క శ్రుతినే మార్చే "ఛేంజ్ పిచ్" జోలికి పోవద్దు. అది నడకను అలాగే ఉంచి గొంతును మాత్రం వంచుతుంది, ఇంకో అబద్ధం పుడుతుంది. అర మెట్టు దించాలంటే మైనస్ 5.6 శాతం. ఒకే అంకెతో టేపు మొత్తం దిద్దేముందు మొదట్లో, మధ్యలో, చివర మూడుచోట్ల షడ్జం కొలవండి. చుట్ట బరువు మారినకొద్దీ బలహీనమైన మోటారు వేగం మారుతుంది. మొదట్లో ఒకటిన్నర, చివరికి ఒకటింబావు ఉన్న టేపులు అరుదేం కాదు. 78 రికార్డుల్లో ఈ బాధ పేరులోనే ఉంది. 76 నుంచి 80 దాకా ఏ వేగానైనా కోసిన రికార్డులున్నాయి కాబట్టి టర్న్‌టేబుల్ మీది అంకెను కాక చెవిని నమ్మాలి. సూది కూడా మార్చాలి. ఎల్పీ సూది మొన 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78కి 3 మిల్ దాకా కావాలి. సన్నసూది 78 గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. షెల్లాక్ రికార్డును స్పిరిటుతో తుడవకండి, కరిగిపోతుంది.

వేగం ఎంత తప్పినా చెడనిది ఒకటుంది: స్వరానికీ స్వరానికీ మధ్య దూరం. అందుకే ఎంత పాడైన టేపు మీదైనా రాగం తగాదా తీర్చుకోవచ్చు. ఆభేరి రాగంలోని త్యాగరాజ కృతి "నగుమోము" ఇవాళ ఎక్కువమంది చతుశ్రుతి ధైవతంతో (పై ద) పాడతారు. బాలమురళి శుద్ధ ధైవతంతో (కింది ద) పాడారు. అంటే ఇరవై రెండో మేళం (మేళకర్త) వైపు ఆభేరి కాదు, ఇరవయ్యో మేళం వైపు ఆభేరి. అవరోహణలో ధైవతం మీద ఆగినచోట పాజ్ చేసి, తంబురా పంచమంతో పోల్చండి. అర మెట్టు పైన ఉంటే శుద్ధం, పూర్తి మెట్టు పైన ఉంటే చతుశ్రుతి. అరిగిపోయిన క్యాసెట్టు కూడా ఈ ఒక్క ప్రశ్నకు నిజమే చెబుతుంది. సినిమా పాటలతో చతుశ్రుతి ధైవతానికి అలవాటుపడ్డ చెవికి ఇది మొదట గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా. జాలి అన్న మాటకు ఆ దిగువ ధైవతంలో ఉన్న బరువు వేరు. పల్లవి చివర్లో "రఘువర నీ" దగ్గర ఆ "నీ"ని విడిచిపెట్టకుండా మళ్ళీ మొదటికి కలిపి "నీ నగుమోము" చేసేది సాహిత్యం తెలిసిన గాయకుడే. ఈ కలుపు వినాలంటే తెలుగు శ్రోత అయితే చాలు, సంగీతం రానక్కరలేదు.

సజ్జ మీది డబ్బా

వరంగల్, కరీంనగర్ ఇళ్ళలో క్యాసెట్లుండేది సాధారణంగా స్లాబు కింద సజ్జ మీద, అట్టపెట్టెలో. మే నెలలో బయట 44, 45 డిగ్రీలుంటే సజ్జ మీద ఇంకా ఎక్కువ. ఆ వేడికి క్యాసెట్ లోపల హెడ్‌కు టేపును ఒత్తిపట్టే ఫెల్టు ముక్క జిగురు ఎండి ఊడిపోతుంది. ఫెల్టు ఊడిన క్యాసెట్ పలచగా, తెరలు తెరలుగా పాడుతుంది. చాలామంది టేపు పోయిందని పారేస్తారు. పోయింది టేపు కాదు, ఫెల్టు. అయిదు స్క్రూలున్న పనికిరాని క్యాసెట్ ఒకటి తెరిచి, దాని డొల్లలోకి ఈ చుట్టలు మార్చేస్తే సరిపోతుంది. అతికించేసిన డొల్ల అయితే అంచు వెంట సన్నకత్తితో జాగ్రత్తగా చీల్చాలి. చీలేటప్పుడు పెంకు ముక్క టేపు మీద పడకుండా చూసుకోవాలి.

వానాకాలం తెచ్చేది బూజు. చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని మంచి డెక్‌లో వేయొద్దు, తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. మూతబిగించే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వారంపాటు ఉంచి, మూతికి గుడ్డ కట్టుకుని, పాత మిషన్‌లో ఒకసారి పూర్తిగా ముందుకూ వెనక్కీ చుట్టి, మెత్తటి పొడి గుడ్డతో అంచు తుడవాలి. బూజు లేని క్యాసెట్‌నైనా ఏళ్ళ తర్వాత తీస్తే నేరుగా ప్లే నొక్కకుండా ముందు ఇలా చుట్టి తీరాలి. అతుక్కున్న పొరలు విడతాయి, బిగువు సమానమవుతుంది.

డెక్ ఎంపికలో పొదుపు చేయొద్దు. క్యాసెట్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపే చవకరకం యూఎస్‌బీ ప్లేయర్లు సంగీతానికి పనికిరావు. వాటి వేగం వణుకుతుంది, ఆ వణుకు తంబురాలో మొదట బయటపడుతుంది. కదలని స్వరం అదొక్కటే కదా. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట దొరికే పాత ఇంటి డెక్‌కు కొత్త బెల్టు వేయించుకోవడం మంచిది. హెడ్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల ముంచి తుడవాలి. రబ్బరు రోలర్‌ను తడిబట్టతో తుడిస్తే చాలు, ఆల్కహాల్ పదేపదే తగిలితే రబ్బరు గట్టిపడుతుంది.

తర్వాతది చాలామంది చేయనిది, ఎక్కువ ఫలితమిచ్చేది: అజిముత్. హెడ్ పక్కన స్ప్రింగుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. రికార్డు చేసిన మిషన్ హెడ్ వాలు, మీ డెక్ హెడ్ వాలు ఒకటి కాకపోతే పై స్వరాలన్నీ మసకబారతాయి. ధ్వనిని మోనోలో పెట్టి, కంసాలి స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూను పావు చుట్టు లోపలే అటూ ఇటూ తిప్పుతూ వినండి. తంబురా మెరుపు, "స", "శ" అక్షరాల అంచు ఎక్కడ ఎక్కువ పదునుగా తేలతాయో అక్కడ ఆపాలి. ప్రతి క్యాసెట్‌కూ, అవసరమైతే ప్రతి వైపుకూ ఇది మళ్ళీ చేయాలి. డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) స్విచ్ ఆపేసి ఉంచండి. రేడియో నుంచి ఇంట్లో పట్టినవాటిలో డాల్బీ వాడినవి తక్కువ, లేని డాల్బీని విప్పితే ఉన్న మెరుపు కూడా పోతుంది.

కంప్యూటర్‌లోకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. శిఖరాలు మైనస్ 6 డీబీ దాటకూడదు. తని ఆవర్తనంలో మృదంగం ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి లెవెల్ అక్కడ చూసి పెట్టుకోవాలి, ఆలాపన దగ్గర కాదు. నిమిషానికి 17 ఎంబీ పైన, తొంభై నిమిషాల క్యాసెట్‌కు ఒకటిన్నర జీబీ అవుతుంది. ధ్వని ఏమాత్రం పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా చేస్తే సుమారు సగానికి దిగుతుంది. ఫోన్‌లో వినడానికి ఎంపీ3 చేసుకోండి, తప్పేం లేదు. ఎంపీ3ని తిట్టడం ఒక ఫ్యాషన్ గానీ, పాత రికార్డింగులను అసలు చంపుతున్నది నాయిస్ రిడక్షన్.

ఆ చంపే పద్ధతి తెలుసుకోవాలి. ప్రోగ్రాముకు మనం ఒక నిశ్శబ్దపు ముక్క చూపించి ఇదే చప్పుడు, తీసెయ్ అంటాం. కర్ణాటక కచేరీలో నిశ్శబ్దం ఎక్కడుంది? కృతికీ కృతికీ మధ్య కూడా తంబురా మోగుతూనే ఉంటుంది. ప్రోగ్రాము తంబురానే చప్పుడనుకుని రెండు గంటల పొడుగునా పీకేస్తుంది. దానితోపాటు మంద్రంలో నెమ్మదిగా పాడిన స్వరాల చివరలు, తంబురాలో కలిసిపోయే ఆ ముగింపులు, అవీ పోతాయి. మిగిలిన గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటుంది. టేపు హిస్ (సన్నని బుస) ఉంటే ఉండనివ్వండి, పది నిమిషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది. తప్పనిసరైతే తంబురా మొదలుకాకముందు ఖాళీ టేపు ఉన్న రెండు సెకన్లు నమూనాగా తీసుకుని, 6 డీబీకి మించకుండా తగ్గించండి. 40 హెర్ట్జ్ కింద ఉన్నది మాత్రం నిర్భయంగా కోసేయొచ్చు. అక్కడ మోటారు గడగడ తప్ప సంగీతం లేదు.

ఏది ముందు, ఏది తర్వాత

వినడానికి రెండు మూడు వేల రూపాయల తీగ హెడ్‌ఫోన్లు, చెవిని పూర్తిగా కప్పేవి, సరిపోతాయి. ఫోన్ స్పీకర్ గొట్టం మైకుకు తమ్ముడే. బాస్ దట్టించిన బ్లూటూత్ డబ్బాలు ఇంకో దారిలో చెడగొడతాయి: మృదంగం ఎడమ వైపు తొప్పి గుమగుమలాడి మంద్ర పంచమాన్ని కప్పేస్తుంది.

ఒక రాగం పట్టుకుని మూడు నిడివుల్లో వినడం నా సలహా. ఉదాహరణకు వరాళి. "అదిగో భద్రాద్రి" అందరికీ తెలిసిందే, ముందు అది. తర్వాత ఆయన పాడిన త్యాగరాజ పంచరత్నాల్లోని వరాళి. ఆ తర్వాత ఏదైనా కచేరీలో వరాళి ఆలాపన. వరాళి గాంధారం శుద్ధం, రిషభానికి ఆనుకునే ఉంటుంది. పైన ఉన్నది ప్రతిమధ్యమం (పై మ). ఆ రెంటి మధ్య ఉన్న పెద్ద ఖాళీని ఆయన ఎలా దాటారు, ఒక్క జారుడుతోనా, మెట్టు మెట్టుగానా, మంద్రంలోనూ అలాగే దాటారా అని గమనించండి. నోట్‌బుక్‌లో ఆలాపన ఎన్ని నిమిషాలు, మంద్ర పంచమం ఎన్నో నిమిషంలో తాకారు, నెరవు ఏ పాదం మీద, స్వరాల ఎత్తుగడ ఎక్కడ అని రాసుకుంటే మూడో రికార్డింగుకు వచ్చేసరికి ముందున్న రెండూ కొత్తగా వినపడతాయి.

బాలమురళి పుట్టించిన నాలుగు స్వరాల రాగాల తగాదా కూడా చెవితోనే తేల్చుకోవాలి. మహతి స గ ప ని, లవంగి స రి మ ద. అవి రాగాలే కావని, కొత్త రాగం పుట్టించానని చెప్పుకోవడం తగదని వీణ ఎస్. బాలచందర్ పెద్ద వివాదమే లేవదీశారు. నా తీర్పు సగం సగం. మహతి అందంగా ఉంటుంది గానీ దాని స్వరాలు ఒకదానికొకటి మరీ పొందికగా అమరుతాయి. ఆలాపన పొడిగిస్తే ఏ దారిన పోయినా ఒకే గడపకు వస్తుంది. లవంగిలో మాత్రం శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం ఉండటంతో ఆందోళన ఉంది, వెతుకులాట ఉంది. రాగమా కాదా అని శాస్త్రం అడుగుతుంది, పది నిమిషాలు నిలబెట్టిందా అని శ్రోత అడగాలి.

అన్నీ మంచివేనని చెప్పను. స్టూడియోలో గొంతు చుట్టూ ప్రతిధ్వని పోసి, కీబోర్డు పరిచి తెచ్చిన భక్తి ఆల్బమ్‌లలో మంద్రం ఉన్నా లేనట్టే. చివరి ఏళ్ళ కచేరీల్లో తాళంతో ఆటలు, తిల్లానాలు ఎక్కువై ఆలాపన తగ్గినవి ఉన్నాయి. మొదలుపెట్టేవాళ్ళు 1960లు, 70ల రేడియో, సభ రికార్డింగులు దొరకబుచ్చుకోవాలి. ప్రసార భారతి ఆర్కైవ్స్ విడుదల చేసినవి ధ్వనిపరంగా నమ్మదగ్గవి. మిగతావి ఇళ్ళలో ఉన్నాయి: ఆరాధన కమిటీల పెద్దల దగ్గర, సంగీతం మాస్టర్ల దగ్గర, అల్లుడికి చెప్పకుండా దాచిపెట్టిన డబ్బాల్లో.

అవి తెచ్చుకున్నప్పుడు చేసే పెద్ద తప్పు కచేరీని పాటలుగా ముక్కలు చేయడం. వర్ణం నుంచి మంగళం దాకా వరసలోనే ఉంచండి. అనౌన్సర్ మాటలు కోయకండి. పక్కవాద్యాల పేర్లు, తేదీ, స్టేషన్ చెప్పేది ఆ గొంతొక్కటే. విజయవాడ రేడియో పాత గొంతులన్నీ, బాలమురళి, ఓలేటి, నేదునూరి, ఒకే ఫోల్డర్‌లో పేరు తారుమారై తిరగడానికి కారణం ఎవరో ఆ పది సెకన్లు అనవసరమని కోసేయడమే. ఫైలు పేరులో గాయకుడు, సంవత్సరం, ఊరు, పక్కవాద్యాలు, ఏ టేపు నుంచి తీశారు, వేగం ఎంత శాతం దిద్దారు, ఇవన్నీ ఉండాలి. దిద్దని అసలు కాపీ ఒకటి పక్కన ఎప్పుడూ ఉంచాలి. రేపు ఇంకెవరికో మంచి సాక్ష్యం దొరికితే మీ దిద్దుబాటును మళ్ళీ దిద్దుకునే వీలుండాలి.

అసలు క్యాసెట్‌ను యజమానికి తిరిగిచ్చేముందు దాని వెనకంచున ఉన్న రెండు ప్లాస్టిక్ చెవులూ విరిచేయండి. లేకపోతే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఖాళీదనుకుని రికార్డు బటన్ నొక్కి, వరాళి మీద పెళ్ళిచూపుల మాటలు ఎక్కిస్తారు.